ప్రయోగ వేదికపై నిలిచిన రాకెట్‌ను ఫొటో తీయడం: సమగ్ర మార్గదర్శి

రాకెట్ నింగికి లేచే దృశ్యాన్ని తీయడానికి ఫొటోగ్రాఫర్‌కు దొరికేది కొద్ది సెకన్లే. ప్రయోగ వేదిక మీద నిలిచి ఉన్న రాకెట్‌ను తీయడానికి మాత్రం గంటలు, ఒక్కోసారి రోజులు చేతిలో ఉంటాయి. ఆ ధీమాతోనే చాలామంది ఎండ నడినెత్తికి వచ్చిన వేళ కెమెరా బిగించి, పాలిపోయిన ఆకాశం ముందు అంచులు చెదిరిపోయిన తెల్లని గీతలాంటి రాకెట్‌ను తీసుకుని తిరిగివస్తారు. రాకెట్ కదలదన్న మాట నిజమే. దాని చుట్టూ ఉన్నవి మాత్రం ఒక్క క్షణం నిలకడగా ఉండవు. సూర్యుడు దిక్కు మారతాడు, నేల వేడెక్కి గాలి వణుకుతుంది, రాకెట్‌ను చుట్టి ఉండే సర్వీస్ టవర్ వెనక్కి జరుగుతుంది, ఇంధనం నింపడం మొదలైతే తెల్లని ఆవిరి పక్కకు పాకుతుంది. ఇవన్నీ అనుకూలంగా కలిసే వేళను ముందు పట్టుకోవాలి. ఏ లెన్స్ వాడాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఈ వ్యాసంలోని మెట్లు కూడా ఆ వరుసలోనే ఉన్నాయి.

మొదటి మెట్టు: ఏది ఎప్పుడు బయటపడుతుందో తెలుసుకోండి

వేదిక మీద మనకు కనిపించేది చాలా సందర్భాల్లో అంతరిక్ష నౌక కాదు, దాన్ని మోసుకుపోయే వాహకనౌక. చంద్రయాన్-3 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరినప్పుడు, 43.5 మీటర్ల ఎల్‌వీఎం3 రాకెట్ తలభాగంలోని ఉష్ణకవచం లోపల అది పూర్తిగా దాగి ఉంది. కజకిస్థాన్‌లోని బైకనూర్‌లో రష్యా సోయుజ్ వ్యోమనౌక కూడా కవచం లోపలే ఉంటుంది. స్పేస్‌ఎక్స్ సంస్థ రాకెట్ ఫాల్కన్ 9 కొన మీద అమర్చిన క్రూ డ్రాగన్ వ్యోమనౌక మాత్రం బయటికే కనిపిస్తుంది. అమెరికా స్పేస్ షటిల్ రోజుల్లో నౌకే కళ్లెదుట ఉండేది గాని, తిరిగే సర్వీస్ టవర్ దాన్ని చాలావరకు కప్పేసేది, సాధారణంగా ప్రయోగానికి ముందురోజు గాని వెనక్కి జరిగేది కాదు. మీరు తీయబోయే వాహనంలో నౌక ఎక్కడుందో, దాన్ని ఏది కప్పుతుందో, ఆ కప్పు ఎప్పుడు తొలగుతుందో తెలియకుండా తేదీ నిర్ణయించుకోకండి.

రాకెట్ వేదికకు చేరే తీరు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. బైకనూర్‌లో సోయుజ్‌ను రైలు పట్టాల మీద పడుకోబెట్టి, సాధారణంగా తెల్లవారే వేళ తీసుకొచ్చి వేదిక దగ్గర నిలబెడతారు. అమెరికాలోని కెనడీ అంతరిక్ష కేంద్రంలో నాసా తన భారీ రాకెట్లను నిలువుగానే, క్రాలర్ అనే భారీ వాహనం మీద, గంటకు 1.6 కిలోమీటర్లు మించని వేగంతో తెస్తుంది. రాకెట్ భాగాలను బిగించే అక్కడి అసెంబ్లీ భవనం నుంచి 39బీ వేదికకు సుమారు 6.8 కిలోమీటర్లు. అందుకే 2022 మార్చి 17 సాయంత్రం మొదలైన, నాసా చంద్రయాత్ర ఆర్టెమిస్-1 రాకెట్ వేదికకు చేసిన తొలి ప్రయాణం మర్నాడు తెల్లవారుజామున గాని ముగియలేదు. శ్రీహరికోటలోని రెండో ప్రయోగ వేదికకు కూడా రాకెట్ అసెంబ్లీ భవనం నుంచి పట్టాల మీద నిలువుగానే వస్తుంది. అక్కడే మొదటి వేదిక దగ్గర మాత్రం కదిలే సర్వీస్ టవర్ రాకెట్‌ను కప్పి ఉంచి, సమయం వచ్చినప్పుడు వెనక్కి తొలగుతుంది. ఈ తరలింపు గంటలనూ ప్రయోగ సమయాన్నీ ఒకే కాగితం మీద రాసుకుంటే, రాకెట్ పూర్తిగా బయటపడి ఉండే ఉదయాలు, సాయంత్రాలు ఎన్ని ఉన్నాయో తేలిపోతుంది. అవి తరచుగా రెండు మూడుకు మించవు.

రెండో మెట్టు: అనుమతి

ప్రయోగ కేంద్రాలు కట్టుదిట్టమైన భద్రతా ప్రాంతాలు. సందర్శకుల గ్యాలరీ, పత్రికల వారికి కేటాయించిన స్థలం, ప్రజలకు నిషేధం లేని రోడ్డు లేదా తీరం, ఈ మూడింటిలో మీది ఏదో ముందే తేల్చుకుని, అక్కడ ట్రైపాడ్‌కు అనుమతి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. డ్రోన్ ఆలోచన ఎక్కడైనా సరే పూర్తిగా మానుకోండి.

మూడో మెట్టు: దిక్కు, వెలుగు

అమెరికాలోని కేప్ కెనావెరల్, మన శ్రీహరికోట రెండూ తూర్పు తీరాలే. రాకెట్లు సముద్రం మీదుగా వెళ్లాలి కాబట్టి వేదికలు నీటి అంచున ఉంటాయి, చూసేవారు చాలావరకు పడమటి వైపున ఉంటారు. దీనివల్ల ఒక ముఖ్యమైన ఫలితం ఉంది. ఉదయం సూర్యుడు వేదిక వెనుక నుంచి లేస్తాడు కాబట్టి రాకెట్ నల్లని నీడబొమ్మగా కనిపిస్తుంది. సాయంత్రపు నీరెండ మన వీపు వైపు నుంచి వెళ్లి రాకెట్ మీద నేరుగా పడుతుంది కాబట్టి జెండా రంగు, అక్షరాలు, దశల మధ్య అతుకులు అన్నీ తేటగా కనిపిస్తాయి. కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ పడమటి తీరం కాబట్టి అక్కడ ఈ లెక్క తలకిందులవుతుంది.

నా మటుకు నాకు నేరుగా ఎదురుగా పడే వెలుగు కంటే, రాకెట్‌కు ఒక పక్కనుంచి తాకే వెలుగే ఇష్టం. రాకెట్ గుండ్రని స్తంభం. ఎదురు వెలుగులో అది అట్టముక్కలా చదునుగా కనిపిస్తుంది. పక్క వెలుగులో ఒక అంచు నుంచి మరో అంచుకు నీడ మెల్లగా ముదురుతూ పోయి, దాని గుండ్రదనం తెలుస్తుంది. మీ స్థలం నుంచి వేదిక ఏ దిక్కున ఉందో దిక్సూచితో కొలిచి, సూర్యాస్తమయ దిక్కుతో పోల్చి చూడండి. సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులు ఏడాదిలో నడితూర్పు, నడిపడమరల నుంచి అటూ ఇటూ 23 డిగ్రీలకు పైగా జరుగుతాయి. కాబట్టి ఆరు నెలల కిందట ఎవరో తీసిన ఫొటోలోని వెలుగు అదే చోట మీకు దొరుకుతుందనుకోకూడదు.

నాలుగో మెట్టు: దూరం, లెన్స్

సెన్సర్ మీద రాకెట్ బొమ్మ ఎంత పొడవు వస్తుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. రాకెట్ ఎత్తును మీటర్లలో తీసుకుని, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను మిల్లీమీటర్లలో తీసుకుని గుణించి, దూరాన్ని మీటర్లలో తీసుకుని భాగిస్తే, బొమ్మ పొడవు మిల్లీమీటర్లలో వస్తుంది. 70 మీటర్ల ఫాల్కన్ 9ను 5 కిలోమీటర్ల నుంచి 400 మి.మీ. లెన్స్‌తో తీస్తే 5.6 మి.మీ. బొమ్మ ఏర్పడుతుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ పొడవు వైపు 36 మి.మీ. కాబట్టి, కెమెరాను నిలువుగా పట్టుకున్నా రాకెట్ ఫ్రేమ్‌లో ఆరోవంతే నిండుతుంది. 800 మి.మీ. లెన్స్‌తో మూడోవంతు దాకా వస్తుంది. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను పెంచే టెలికన్వర్టర్ వాడాలనుకుంటే, 1.4 రెట్లది ఒక స్టాప్ (అంటే సగం), 2 రెట్లది రెండు స్టాప్‌ల వెలుగు తినేస్తుందని గుర్తుంచుకోండి.

పొడవాటి లెన్స్ లేదని నిరాశపడనక్కర్లేదు. 39బీ వేదిక చుట్టూ పిడుగుల నుంచి రక్షణకు మూడు టవర్లు సుమారు 180 మీటర్ల ఎత్తున నిలిచి ఉంటాయి. ఆర్టెమిస్ యాత్రలకు వాడే 98 మీటర్ల ఎస్ఎల్ఎస్ రాకెట్ వాటి మధ్య సగం ఎత్తుకు మించి కొంచెమే ఉంటుంది. శ్రీహరికోట రెండో వేదిక చుట్టూ అలాంటివి నాలుగు ఉన్నాయి. ఆ టవర్లనూ వాటి మధ్య తీగలనూ ఫ్రేమ్‌లోకి తీసుకుంటే చిన్న లెన్స్‌తోనే రాకెట్‌కు ఒక చట్రం దొరుకుతుంది. వేదిక అడుగున నిలిపిన ఒక వాహనమో, పై అంతస్తు వంతెన మీద నడుస్తున్న ఒక మనిషో ఫ్రేమ్‌లో పడేదాకా ఓపిక పట్టండి. రాకెట్ ఎంత పెద్దదో చూసేవారికి తెలియజెప్పేది ఆ చిన్న ఆకారమే.

ఈ లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకెళితే పున్నమి చంద్రుడితో రాకెట్‌ను కలిపి తీయవచ్చు. చంద్రుడు మన నుంచి తన వ్యాసానికి దాదాపు 110 రెట్ల దూరంలో ఉన్నాడు. అందువల్ల ఏ రాకెట్‌నైనా దాని ఎత్తుకు 110 రెట్ల దూరం నుంచి చూస్తే, రాకెట్, చంద్రబింబం సమానంగా కనిపిస్తాయి. 70 మీటర్ల రాకెట్‌కు ఆ దూరం 7.7 కిలోమీటర్లు. ఇంకా దూరం వెళితే బింబమే పెద్దదవుతుంది. తూర్పు తీరపు వేదికలకు ఇక్కడ గొప్ప అనుకూలత ఉంది. పున్నమినాడు చంద్రుడు సూర్యాస్తమయ వేళ తూర్పున, అంటే వేదిక వెనుక నుంచి లేస్తాడు. అదే సమయానికి అస్తమిస్తున్న సూర్యుడి చివరి వెలుగు మన వెనుక నుంచి రాకెట్ మీద పడుతుంటుంది. పున్నమికి ముందురోజైతే చంద్రుడు ఇంకొంచెం ముందే లేస్తాడు కాబట్టి, ఆకాశానికీ బింబానికీ వెలుగు తేడా తక్కువగా ఉండి పని తేలికవుతుంది. బింబం తన వెడల్పు మేర జరగడానికి రెండు నిమిషాలే పడుతుంది. మీరు నిలబడవలసిన చోటును రోజుముందే కొలిచి పెట్టుకోండి. 600 మి.మీ. లెన్స్‌తో సెకనులో పదోవంతు కాలానికే బింబం సెన్సర్ మీద ఒక పిక్సెల్ మేర కదులుతుంది కాబట్టి, షట్టర్ స్పీడ్ 1/60 సెకను కంటే నెమ్మదిగా ఉండకూడదు.

ఐదో మెట్టు: మధ్యలో ఉన్న గాలి

నేను చూసినంతలో దూరపు రాకెట్ ఫొటోలను పాడుచేసేది లెన్స్ కాదు, మధ్యలో ఉన్న గాలి. ఒక మధ్యాహ్నం కెమెరా తెరను పది రెట్లు పెద్దది చేసి వేదిక టవర్ మీది ఇనుప నిచ్చెనను చూశాను. మెట్లు ఒకదానికొకటి అతుక్కుని, విడిపోయి, మళ్లీ అతుక్కుంటూ, కదిలే నీటిలో నీడల్లా వణుకుతున్నాయి. నిలువు కడ్డీ పాములా మెలికలు తిరుగుతోంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఆ మెలికలను మరింత స్పష్టంగా చూపుతుందే తప్ప తొలగించలేదు. మర్నాడు సూర్యోదయానికి ముందు అదే చోటు నుంచి, అదే లెన్స్‌తో చూస్తే ప్రతి మెట్టూ విడివిడిగా లెక్కపెట్టేంత నిలకడగా ఉంది.

కారణం తేలికైనదే. ఎండకు వేడెక్కిన నేల, రోడ్డు, కాంక్రీటు తమ మీది గాలిని వేడి చేస్తాయి. వేడిగాలి, చల్లగాలి పొరలు కలగాపులగమై కాంతిని ఒక్కోచోట ఒక్కో తీరున వంచుతాయి. నేలకూ గాలికీ ఉష్ణోగ్రత తేడా బాగా తగ్గే వేళలు తెలతెలవారుతున్నప్పుడు, సూర్యుడు అస్తమించే ముందూ తర్వాతా కాసేపు. మబ్బు కమ్మిన రోజు, వాన వెలిసిన గంట కూడా ఎంతో మేలు. వీలుంటే కాస్త ఎత్తైన చోటుకు వెళ్లండి. చూపు నేలకు ఎంత పైనుంచి సాగితే వణుకు అంత తగ్గుతుంది. కారు కిటికీలోంచో, వేడెక్కిన కారు పైకప్పు మీదుగానో తీయకండి, ఆ కొద్ది దూరంలోని వేడి కూడా ఫొటోలో కనిపిస్తుంది.

అయినా వణుకు తప్పకపోతే ఒక ఉపాయం ఉంది. సుదీర్ఘమైన ఎక్స్‌పోజర్ వణుకునంతా కలిపేసి అంచులను మెత్తబరుస్తుంది. పొట్టి ఎక్స్‌పోజర్ ఆ క్షణంలోని వంకరను గడ్డకట్టిస్తుంది. కాబట్టి 1/500 లేదా అంతకంటే వేగంగా ఒకే అమరికతో ముప్పై నలభై ఫ్రేమ్‌లు తీసి, ఇంటికి వచ్చాక వాటిలో అత్యంత స్పష్టమైన ఎనిమిదో పదో ఎంచుకుని సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి సరిపోల్చి కలపండి. ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కోలా వంగిన అంచు సగటున తన నిజస్థానానికి వచ్చేస్తుంది. రాకెట్ కదలదన్న సౌకర్యం అచ్చంగా అక్కరకొచ్చే సందర్భం ఇదే.

ఆరో మెట్టు: కెమెరాను నిలబెట్టడం, ఫోకస్

ట్రైపాడ్ కాళ్లను పూర్తిగా సాగదీయకుండా, నడిమి స్తంభాన్ని ఎత్తకుండా, వీలైనంత కిందికి నిలబెట్టండి. గాలి వీస్తుంటే బ్యాగును కొక్కేనికి తగిలించి, అది ఊగకుండా కొంచెం నేలకు ఆనేలా ఉంచండి. చేతి వణుకును సరిచేసే, లెన్స్‌లోని స్టెబిలైజేషన్‌ను ఆపేయండి. షట్టర్‌ను వేలితో నొక్కకుండా కేబుల్‌తో గాని రెండు సెకన్ల టైమర్‌తో గాని నడపండి.

ఫోకస్ విషయంలో లెన్స్ మీది అనంతం గుర్తును నమ్మవద్దు. ఉష్ణోగ్రత మార్పులకు వీలుగా చాలా టెలిఫోటో లెన్స్‌లు ఆ గుర్తును దాటి కూడా తిరుగుతాయి. లైవ్ వ్యూలో (కెమెరా వెనుక తెర మీద) బొమ్మను పెద్దది చేసి, టవర్ జాలీ కడ్డీ మీద గాని, రాత్రయితే వేదిక మీది ఒక దీపం మీద గాని చేత్తో ఫోకస్ చేసి, రింగును టేపుతో అంటించండి. సాయంత్రం గాలి చల్లబడ్డాక ఫోకస్ కొద్దిగా జారుతుంది. గంటకోసారి టేపు తీసి మళ్లీ సరిచూడటం బద్ధకించకూడని పని.

తీరప్రాంతంలో తేమ ఇంకో శత్రువు. ఏసీ గది నుంచి బయటికి తెచ్చిన లెన్స్ అద్దం మీద క్షణాల్లో ఆవిరి పడుతుంది. నేను ఒకసారి ఆ ఆవిరి ఆరేదాకా నలభై నిమిషాలు తుడుస్తూ, ఎదురుచూస్తూ, తీయాలనుకున్న సంధ్య వెలుగునంతా పోగొట్టుకున్నాను. కెమెరాను మూసిన బ్యాగులోనే ఉంచి గంట ముందు బయటి వేడికి అలవాటు చేయండి. రాత్రంతా ఉండాలనుకుంటే లెన్స్ ముందుభాగం చుట్టూ వేడి పట్టీ చుట్టండి.

ఏడో మెట్టు: ఎక్స్‌పోజర్

కెమెరా తానుగా సవరించని రా ఫార్మాట్‌లో, మాన్యువల్ పద్ధతిలో తీయండి. కెమెరా మీటర్ ఇక్కడ రెండు విధాలుగా తప్పుతుంది. తెల్లని రాకెట్ ఫ్రేమ్‌ను నింపితే దాన్ని బూడిదరంగుగా మారుస్తుంది. రాత్రి నల్లని ఆకాశం ముందు రాకెట్ చిన్నదిగా ఉంటే, చీకటిని చూసి వెలుగు పెంచేసి రాకెట్‌ను సున్నం కొట్టిన గోడలా తెల్లబరుస్తుంది. వెలుగు స్థాయిలను చూపే హిస్టోగ్రామ్ గ్రాఫ్‌లో రాకెట్ తెలుపు కుడి అంచును తాకకుండా ఉండేదే సరైన ఎక్స్‌పోజర్. నిండు ఎండలో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, లెన్స్ ఎపర్చర్ ఎఫ్8, షట్టర్ 1/500 సెకనుతో మొదలుపెట్టి సరిదిద్దుకోండి. రాకెట్ రంగును బట్టి ఇదీ మారుతుంది. స్పేస్ షటిల్ తొలి రెండు ప్రయోగాల్లో బయటి ఇంధన ట్యాంకుకు తెల్ల రంగు వేశారు. బరువు తగ్గించడానికి 1982లో మూడో ప్రయోగం నుంచి ఆ రంగు మానేయడంతో ట్యాంకు నారింజ రంగులోనే నిలిచింది. ట్యాంకు ముదురు రంగులోకి మారాక తెల్లని షటిల్ కోసం ఎక్స్‌పోజర్ చూసుకుని, ట్యాంకును దాని లోతుకు వదిలేయడమే సరైన పద్ధతి అయింది.

రోజులో నేను అన్నిటికంటే విలువనిచ్చేది సూర్యాస్తమయం తర్వాతి అరగంట. ఆకాశం నీలిరంగులోకి దిగుతూ, వేదిక ఫ్లడ్‌లైట్ల వెలుగుతో సమానమయ్యే కొద్ది నిమిషాలు అందులో ఉంటాయి. అంతకు ముందు దీపాలు వెలవెలబోతాయి, ఆ తర్వాత ఆకాశం నల్లబడి రాకెట్ శూన్యంలో వేలాడినట్టు ఉంటుంది. ఐఎస్ఓ 200, ఎఫ్8, ఒక సెకనుతో ప్రారంభించి, నిమిషానికొకసారి షట్టర్ సమయాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ వెళ్లండి. జెనాన్ దీపాల వెలుగు 6000 కెల్విన్ దరిదాపుల్లో చల్లగా, సోడియం దీపాలది 2000 దగ్గర నారింజగా ఉంటుంది. రెండూ ఒకే ఫ్రేమ్‌లో ఉంటే రాకెట్ మీది దీపానికే వైట్ బ్యాలెన్స్ సరిచేసి, మిగతా రంగును అలాగే ఉండనివ్వండి.

ఎనిమిదో మెట్టు: మంచు, ఆవిరి

ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 దగ్గర మరుగుతాయి. వాటిని నింపుతున్నప్పుడు రాకెట్ పక్కనుంచి వెలువడే తెల్లని పొగ నిజానికి చుట్టూ ఉన్న గాలిలోని తేమే, ఆ చలికి గడ్డకట్టి కనిపిస్తుంది. సోయుజ్ మీద ఈ మార్పు మరీ స్పష్టం. ఆక్సిజన్ ట్యాంకులున్న భాగాలు మంచు పేరుకుని తెల్లబడతాయి, కిరోసిన్ ట్యాంకులున్న భాగాలు తమ రంగులోనే ఉండిపోతాయి. ఆ పట్టీలను చూసి లోపల ఏది ఎక్కడుందో చెప్పవచ్చు.

అయితే అన్ని రాకెట్ల దగ్గరా దీనికోసం ఎదురుచూడకండి. పీఎస్ఎల్‌వీలో ఘన ఇంధన దశలు, మామూలు ఉష్ణోగ్రతలో నిల్వ ఉండే ద్రవ ఇంధన దశలే తప్ప అతిశీతల దశ లేదు కాబట్టి ఈ మంచు, ఆవిరి కనిపించవు. ఎల్‌వీఎం3లో పై దశ ఒక్కటే క్రయోజెనిక్ (అతిశీతల) దశ. ఫాల్కన్ 9లో ఇంధనం నింపడం ప్రయోగానికి సుమారు 35 నిమిషాల ముందు మొదలవుతుంది కాబట్టి ఆవిరితో నిలిచిన రాకెట్‌ను తీయడానికి ఆ అరగంటే ఉంది. ఆవిరి రాకెట్ వెనుక నుంచి మన వైపు వచ్చే వెలుగులో మెరుస్తుంది, మన వీపు వైపు నుంచి పడే వెలుగులో తెల్లని రాకెట్ ముందు కరిగిపోతుంది. గాలి ఎటు వీస్తే ఆవిరి అటు సాగుతుంది కనుక, అది రాకెట్ ముందుకు కాకుండా పక్కకు సాగేలా కనిపించే చోటు ఎంచుకోండి.

తొమ్మిదో మెట్టు: వేదిక దగ్గర కెమెరా వదిలి రావాల్సి వస్తే

అనుమతి పొందిన ఫొటోగ్రాఫర్లు ప్రయోగానికి ముందురోజు వేదిక దగ్గర కెమెరాలు అమర్చి వెనక్కి వచ్చేస్తారు. అక్కడ రేడియో పరికరాల మీద ఆంక్షలు ఉంటాయి కాబట్టి, ఇంజిన్ శబ్దానికి స్పందించే ట్రిగ్గర్లు వాడటం పరిపాటి. కాని ఆ ట్రిగ్గర్ ఇంజిన్ మండేదాకా నిద్రపోతుంది. నిలిచి ఉన్న రాకెట్ రాత్రి, వేకువ రూపాలు కావాలంటే నిర్ణీత వ్యవధికోసారి ఫొటో తీసే ఇంటర్వెల్ టైమర్ విడిగా పెట్టుకోవాలి. దగ్గరి నుంచి వెడల్పాటి లెన్స్‌తో పైకి చూస్తే రాకెట్, టవర్ ఒకదాని మీదికి ఒకటి వాలినట్టు వస్తాయి. కెమెరాను సమతలంగా ఉంచి నిలువు ఫ్రేమ్‌లో పై భాగాన రాకెట్ పడేలా చూసుకుంటే ఆ వంపు తగ్గుతుంది. ట్రైపాడ్ కాళ్లను నేలలోకి దిగ్గొట్టిన మేకులకు కట్టండి, వానకు ప్లాస్టిక్ తొడుగు వేయండి, చుట్టూ ఎండుగడ్డి లేని చోటు చూసుకోండి. నాసా ఫొటోగ్రాఫర్ బిల్ ఇంగల్స్ 2018 మే 22న వాండెన్‌బర్గ్‌లో అమర్చిన కెమెరాల్లో వేదికకు దగ్గరగా ఉన్నవి భద్రంగా మిగలగా, సుమారు 400 మీటర్ల దూరంలో ఉన్నది ప్రయోగం తర్వాత అంటుకున్న గడ్డి మంటల్లో కరిగిపోయింది. మెమరీ కార్డు మాత్రం దక్కింది.

పదో మెట్టు: ప్రయోగం వాయిదా పడితే

వాయిదా ఫొటోగ్రాఫర్‌కు దొరికిన అదనపు సాయంత్రం. వెళ్లిపోయే ముందు ట్రైపాడ్ మూడు కాళ్లు ఉన్న చోట్ల నేల మీద గుర్తు పెట్టండి. వేదిక దిక్కు, లెన్స్, ఫోకస్ టేపు స్థానం, వెలుగు సమానమైన నిమిషం రాసుకోండి. మర్నాడు సూర్యాస్తమయం దాదాపు అదే సమయానికి, అదే దిక్కున ఉంటుంది కాబట్టి ఆ నిమిషానికి ముందే సిద్ధంగా ఉండవచ్చు. చంద్రుడు మాత్రం సగటున 50 నిమిషాలు ఆలస్యంగా, కొంచెం పక్క దిక్కున లేస్తాడు. బింబంతో కలిపి తీయాలనుకుంటే నిన్నటి గుర్తులను వదిలేసి, కొత్త చోటును మళ్లీ కొలవాలి.